గౌరవ బెల్ట్ చూపించి ఫీజు వసూలు చేయడంపై ఫిర్యాదు

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: మీ బరంపురం శాఖ శిక్షకుడి గౌరవ బ్లాక్ బెల్ట్‌ని సాధించిన బెల్ట్‌గా ప్రచారం చేయడం, పిల్లలకు ప్రమాదకరమైన పట్లు నేర్పడం, ఫీజు వాపసు గురించి.

అయ్యా,

మా అబ్బాయి మీ శాఖలో బ్రెజిలియన్ జియు జిట్సు (ఎదుటివాణ్ణి పట్టుపట్టి లొంగదీసే యుద్ధవిద్య) నేర్చుకుంటున్నాడు. వాడికి పదకొండేళ్ళు. ఏడాది ఫీజు 24,000 రూపాయలు ముందుగానే కట్టాం. ఊళ్ళో మీరు కట్టిన ఫ్లెక్సీల మీద, మీ యాప్‌లో, చివరికి రసీదు మీద కూడా "బ్లాక్ బెల్ట్ చేత శిక్షణ" అని ఉంది. అది చూసే చేర్పించాం. మీ శిక్షకుడికి ఉన్నది గౌరవ బ్లాక్ బెల్ట్ అని ఆఫీసు గది గోడకున్న సర్టిఫికెట్ దగ్గరికెళ్ళి చదివితే తెలిసింది. అంటే సాధనతో సంపాదించింది కాదు, సన్మానంగా ఇచ్చింది. ఆ ముక్క మీ ప్రచారంలో ఎక్కడా లేదు.

బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ ఈ విద్య నేర్చుకున్నాను, నాది బ్లూ బెల్ట్. అందుకే క్లాసు జరుగుతుంటే గోడ పక్కన కూర్చుని చూసేదాన్ని. మొదట్నుంచీ ఒక విషయం నాకు మింగుడుపడలేదు. మీ శిక్షకుడు పిల్లలతోగానీ, సాయంత్రం వచ్చే పెద్దవాళ్ళతోగానీ ఒక్కసారీ రోలింగ్ (నిజంగా పట్టుపట్టి తలపడే సాధన) చెయ్యలేదు. పట్టు చూపిస్తాడు, జంటలుగా నిలబెడతాడు, పక్కకి వెళ్ళిపోతాడు. భుజం నొప్పేమో అనుకుని ఊరుకున్నాను.

గత నెలలో పదేళ్ళ పిల్లలకి గిలటిన్ నేర్పించాడు. అంటే ఎదుటివాడి తలని ముందునుంచి చంకలో ఇరికించి మెడ బిగించే పట్టు. ఈ విద్య అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో 12 ఏళ్ళ దాకా పిల్లలకి ఈ పట్టు నిషేధం. ఒక బాబు లొంగిపోయానని చేత్తో తట్టి ట్యాప్ చేశాడు. పట్టుకున్న పిల్లాడికి అది తెలియలేదు, శిక్షకుడు అటు చూడటం లేదు. నేను లేచి విడిపించాను. ఆ బాబుకి రెండు రోజులు గొంతు బొంగురుపోయింది. మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు సరిగ్గా నొక్కుకుంటే సుమారు పది సెకన్లలో పెద్దవాళ్ళకే స్పృహ తప్పుతుంది. "సార్, ఈ వయసు పిల్లలకి ఇది నేర్పకూడదు కదా" అని మర్యాదగానే అడిగాను. "బ్లాక్ బెల్ట్ మీదా, నాదా?" అన్నాడు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నన్నే వింతగా చూశారు. ఆ రోజే సర్టిఫికెట్ చదివాను.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "బ్లాక్ బెల్ట్ అంటే బ్లాక్ బెల్టే మేడమ్, రెండూ ఒకటే" అన్నారు. రెండూ ఒకటి కావు. ఎందుకు కావో మీకు రాయాల్సి రావడమే బాధగా ఉంది, ఎందుకంటే ఈ విద్యని అమ్ముతున్నది మీరు.

జియు జిట్సులో పెద్దవాళ్ళకి తెలుపు, నీలం, పర్పుల్, బ్రౌన్, బ్లాక్ అనే వరుస ఉంది. ఐబీజేజేఎఫ్ లెక్కన నీలంలో కనీసం రెండేళ్ళు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది గడవాలి. ఇది కనీసం మాత్రమే. వారానికి నాలుగు రోజులు మ్యాట్ మీద ఉండే వాళ్ళకి కూడా బ్లాక్ రావడానికి పదేళ్ళు పట్టడం మామూలు. ఆ కాలమంతా జరిగేది ఒకటే పని. లొంగకూడదని గట్టిగా ప్రయత్నించే మనిషిని పట్టుకోవడం, వాడి చేతిలో దొరికిపోయి ట్యాప్ చెయ్యడం, మళ్ళీ లేవడం. వేల సార్లు తను ట్యాప్ చేసినవాడికి ఎదుటివాడు ఎప్పుడు ట్యాప్ చెయ్యబోతున్నాడో ముఖం చూస్తే తెలుస్తుంది. ఏ పట్టు ఎంతదాకా బిగించవచ్చో చేతికి తెలుస్తుంది. పిల్లల్ని కాపాడేది ఆ తెలివిడే. మడమ పట్టి కాలు మెలితిప్పే హీల్ హుక్ లాంటి పట్టులో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. పక్కనున్న శిక్షకుడు అంతకు ముందే "ఆపు" అనగలగాలి. అది సన్మానంతో వచ్చే గుణం కాదు.

గౌరవ బెల్ట్ ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. ఊరూరా పోటీలు పెట్టించినవాళ్ళకి, అకాడమీకి అండగా నిలిచినవాళ్ళకి, జబ్బుతో మ్యాట్ మీదికి రాలేకపోయిన పాత విద్యార్థికి అది ఇస్తే నేనూ చప్పట్లు కొడతాను. టైక్వాండోలో 2013లో పుతిన్‌కి, 2021లో ట్రంప్‌కి తొమ్మిదో డాన్ (అంటే తొమ్మిదో స్థాయి) బ్లాక్ బెల్ట్‌లు ఇచ్చారు. రెండూ గౌరవ బెల్ట్‌లని ఇచ్చినవాళ్ళే చెప్పారు. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో పుతిన్‌కి ఇచ్చినదాన్ని ప్రపంచ టైక్వాండో సంస్థ వెనక్కి తీసుకుంది కూడా. ఒక ప్రకటనతో ఇవ్వగలిగిందీ, ఒక ప్రకటనతో తీసెయ్యగలిగిందీ మనిషి ఒంట్లో ఉన్న నేర్పు అయ్యుండదు కదా. మరోపక్క అమెరికా టీవీ నటుడు ఎడ్ ఓనీల్ ఉన్నాడు. కోరితే ఎవరో ఒకరు గౌరవంగా ఇచ్చేంత పేరున్నవాడు. 1990ల మొదట్లో జియు జిట్సు గురువు రోరియన్ గ్రేసీ దగ్గర చేరి, అందరిలాగే మ్యాట్ మీద ఒళ్ళు నలగ్గొట్టుకుని, 2007లో బ్లాక్ బెల్ట్ కట్టుకున్నాడు.

ఇంకో సంగతి. ఈ విద్యలో ఎవరి బెల్ట్ గురించైనా "ఎవరిచ్చారు?" అని అడగడం అమర్యాద కాదు. జపాన్ నుంచి బ్రెజిల్ వెళ్ళిన మిత్సుయో మయెడా దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, ఆయన 1925లో రియోలో అకాడమీ తెరిచాడు, అక్కణ్ణుంచి చాలామంది గురుపరంపర చెప్పుకుంటూ వస్తారు. ఐబీజేజేఎఫ్ పద్ధతిలో బ్లాక్ బెల్ట్ ఇచ్చే మనిషికి కూడా రెండో డిగ్రీ (బ్లాక్ బెల్ట్ వచ్చాక పెరిగే స్థాయి) బ్లాక్ బెల్ట్ అయినా ఉండాలి. మీ శిక్షకుడి గురువు ఎవరని ఈమెయిల్‌లో అడిగాను. జవాబుగా కొత్త ఆఫర్ పంపారు: 60,000 రూపాయలకి "18 నెలల్లో జూనియర్ బ్లాక్ బెల్ట్". ఇది చూసి నిజంగా కోపం వచ్చింది. 16 ఏళ్ళు నిండకుండా బ్లూ బెల్టే ఇవ్వరు. పిల్లలకి బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ బెల్ట్‌లు వేరే ఉన్నాయి. బ్లాక్‌కి కనీస వయసు 19. పన్నెండేళ్ళ పిల్లాడి నడుముకి నల్ల బెల్ట్ కట్టి పంపితే, వాడు రేపు కటక్‌లోనో విశాఖలోనో మంచి అకాడమీ మెట్లెక్కినప్పుడు అందరి ముందూ సిగ్గుపడేది మీరు కాదు.

మాది ఆటలు తెలియని ఊరు కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం గెలిచిన కాటూలు రవికుమార్ బరంపురం వాడు. బార్ మీద ఎన్ని కిలోలుంటే అన్ని కిలోలూ ఎత్తాల్సిందేనని ఇక్కడి పిల్లలకి తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే వీళ్ళకి ఈ విద్య నేర్చుకోవాలంటే ఊళ్ళో మీ శాఖ తప్ప నాకు తెలిసి మరోటి లేదు. అందుకే అది మూతపడాలని కోరుకోవడం లేదు, సరిగ్గా నడవాలని అడుగుతున్నాను.

ఫ్లెక్సీలు, యాప్, రసీదుల మీద "గౌరవ బ్లాక్ బెల్ట్" అని స్పష్టంగా రాయండి, లేదా ఆ మాటే తీసెయ్యండి. సాధించిన బెల్ట్ ఉన్న శిక్షకుణ్ణి పంపండి. బ్లాక్ బెల్టే కానక్కర్లేదు. నిజాయితీగా సంపాదించిన పర్పుల్ బెల్ట్ ఉన్న మనిషి వచ్చి పిల్లలతో మ్యాట్ మీదికి దిగితే నాకు చాలు. అలాంటివాళ్ళు వచ్చేదాకా పిల్లల క్లాసులో మెడ పట్లు, కాలి పట్లు ఆపించండి. 18 నెలల ఆఫర్ రద్దు చేసి, దానికి డబ్బు కట్టినవాళ్ళందరికీ తిరిగి ఇవ్వండి. మా అబ్బాయి ఫీజులో మిగిలిన ఏడు నెలల సొమ్ము, 14,000 రూపాయలు, మాకు వాపసు చెయ్యండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద గంజాం జిల్లా కమిషన్‌కి వెళతాను. మీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, నేను ఉండే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు ఆ చట్టం ఇస్తోంది. తప్పుదారి పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని కూడా గమనించగలరు.

రసీదు నకలు, ఫ్లెక్సీ ఫోటో, సర్టిఫికెట్ ఫోటో, మీరు పంపిన ఆఫర్ ఈమెయిల్ దీనికి జతచేశాను.

ఇట్లు,
బరంపురం శాఖ విద్యార్థి తల్లి