హెడ్‌లైట్ల మీద మంచు, లోపల నీళ్లు: వారంటీ ఇవ్వనన్న మీ వర్క్‌షాప్‌పై ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఎల్ఈడీ హెడ్‌లైట్ వారంటీ తిరస్కరణ, మంచులో వాడకంపై మీ హెల్ప్‌లైన్ ఇచ్చిన తప్పుడు సలహా.

అయ్యా,

మీ ఎస్‌యూవీ టాప్ మోడల్‌ను విజయవాడ షోరూమ్‌లోనే కొన్నాను. పోయిన జనవరిలో ఇంటిల్లిపాదీ దాంట్లోనే మనాలి వెళ్లొచ్చాం. వచ్చాక చూస్తే ఎడమ హెడ్‌లైట్ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. వారంటీ ఇంకా ఉంది. అయినా మీ వర్క్‌షాప్ వాళ్లు జాబ్ కార్డు మీద 'కస్టమర్ వాడకం వల్ల డ్యామేజ్' అని రాసి, మొత్తం అసెంబ్లీకి కొటేషన్ చేతిలో పెట్టారు. పైగా, 'మంచులోకి ఎందుకు తీసుకెళ్లారు సార్, మన బెజవాడ రోడ్లకిచ్చిన బండి కదా' అని సర్వీస్ అడ్వైజర్ నవ్వాడు. మీ బ్రోషర్‌లో ఇదే కారు మంచుకొండల మధ్య లైట్లు వేసుకుని నిలబడి ఉంది. ఆ ఫొటో బెంజి సర్కిల్‌లో తీసింది కాదు గదా!

అక్కడ జరిగింది చెబుతాను. అటల్ టన్నెల్ దాటి అవతలున్న సిస్సు ఊరు చూసుకుని తిరిగి వస్తుంటే చీకటి పడింది, మంచు మొదలైంది. టైర్లకు చైన్లు అద్దెకు తీసుకున్నాం కాబట్టి ఆ బాధ లేదు. ముందు అద్దాన్ని వైపర్లు తుడుస్తూనే ఉన్నాయి. రోడ్డు మాత్రం కొద్దికొద్దిగా మసకబారుతోంది. మంచు ఎక్కువైందేమో అనుకున్నాం. ఎదురొచ్చిన టాక్సీ డ్రైవర్ ఆపి, చేత్తో మా బండి ముందుభాగం చూపించాడు. దిగి చూస్తే రెండు హెడ్‌లైట్లూ తెల్లగా కప్పుకుపోయి, పెరుగు గిన్నెలో టార్చిలైటు పెట్టినట్టున్నాయి. ముందు లారీ చిమ్మిన బురదమంచు గాలికి వచ్చి లైటు అద్దానికి అంటుకుని, అక్కడే గడ్డకట్టింది. ఆ డ్రైవర్ పాత జీపు లైట్ల మీద మాత్రం మంచు పడ్డది పడ్డట్టే కరిగి కారిపోతోంది.

కారణం మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు. పాత హాలోజన్ బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది, ఆ వేడి వెలుతురుతో పాటు ముందుకొచ్చి అద్దాన్ని వెచ్చగా ఉంచుతుంది. ఎల్ఈడీ కూడా వేడెక్కుతుంది గానీ ఆ వేడి వెనక ఉన్న హీట్ సింక్‌లోకి, అంటే వేడిని లాగేసే లోహపు భాగంలోకి పోతుంది. ముందున్న పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) అద్దం చల్లగానే ఉంటుంది. మంచు కరగనిది ఇందువల్లే. ఇది లోపమని నేననను. ఈ ఒక్క ముక్క మీ ఓనర్ మాన్యువల్‌లో ఎక్కడా లేకపోవడమే నా అభ్యంతరం.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. మీ రోడ్‌సైడ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, 'హై బీమ్ వేసి కాసేపు ఉంచండి సార్, వేడికి కరిగిపోతుంది' అన్నారు. ఉంచాం, కరగలేదు. మళ్లీ చేస్తే వేడినీళ్లు పోయమన్నారు. ఫ్లాస్కులో పిల్లకు పాలు కలపడానికి ఉంచుకున్న నీళ్లు పోశాం. కాసేపు బాగుంది, తర్వాత ఆ నీళ్లే అంచుల్లో మళ్లీ గడ్డకట్టాయి. ఆ తర్వాత టన్నెల్ దాకా మా బావమరిది దిగుతూ, మెత్తటి బట్టతో తుడుస్తూ వచ్చాడు. గీరితే అద్దం మీది కోటింగ్ పోతుందని గీరనివ్వలేదు.

లోపల నీళ్ల సంగతికొస్తే, 'ఫాగ్ పట్టడం నార్మల్' అని మీ వాళ్ల జవాబు. చలికాలం పొద్దున్నే పల్చటి ఆవిరి పట్టి, బండి కాస్త తిరిగాక పోతే నార్మలే, లైటుకు గాలి తూములు ఉంటాయి కాబట్టి. నాది ఎన్నాళ్లు తిరిగినా పోని నీరు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చూసి, పై అంచున సీల్ ఊడిందని వేలు పెట్టి చూపించాడు. ఓవెన్‌లో పెట్టి విప్పి మళ్లీ అతికిస్తానన్నాడు గానీ, ముట్టుకుంటే వారంటీ పోతుందని నేనే వద్దన్నాను. వేడినీళ్లకే సీల్ ఊడిందంటారా, ఆ సలహా మీదే. కాదంటారా, అది తయారీ లోపం. రెండింట్లో ఏదైనా ఖర్చు మీదే.

యూరప్ నిబంధనల్లో 2,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) దాటే లైటున్న డిప్ బీమ్‌కు, అంటే కిందికి వేసే లో బీమ్‌కు, అద్దం కడిగే వాషర్ తప్పనిసరి. ఆ లెక్కకు లోపలే ఉంచి వాషర్ ఎగ్గొట్టే కంపెనీలూ ఉన్నాయి. మీరు ఏ లెక్కలోకి వస్తారో చెప్పండి. వాషర్ గానీ, అద్దాన్ని వేడి చేసే ఏర్పాటు గానీ ఈ మోడల్‌కు డబ్బు కట్టి పెట్టించుకుందామన్నా దొరకడం లేదు.

ఎడమ లైటు అసెంబ్లీని వారంటీలో ఉచితంగా మార్చాలి. జాబ్ కార్డు మీది ఆ మాట కొట్టేయాలి. ఎల్ఈడీల మీద పేరుకున్న మంచును ఎలా తీయాలో మాన్యువల్‌లో చేర్చి, హెల్ప్‌లైన్‌లో కూర్చునే వాళ్లకు ముందు నేర్పాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా విజయవాడ రావాల్సి ఉంటుంది.

జాబ్ కార్డు కాపీ, లైటు ఫొటోలు, హెల్ప్‌లైన్ కాల్ వివరాలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు