'మంచి పేపరు వెయ్యండి' అంటే ఏ పేపరు?

సంపాదకుల వారికి,

సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునేవారి పాట్ల గురించి ఈమధ్య మీ ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. రంగులు మారిపోవడం, అక్షరాలు చెదరడం, అట్ట విరగడం, అన్నిటికీ అందులో ఒకటే కారణం చెప్పారు: ప్రెస్ వాళ్ల కక్కుర్తి. కక్కుర్తి లేదని నేననను. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా కింద రాస్తున్నాను. కానీ ఆ తప్పుల్లో చాలావరకు ఆర్డరిచ్చిన రోజే పుడతాయి. 'మంచి పేపరు వెయ్యండి, కలర్ బాగా రావాలి' అని అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చేస్తారు. మంచి పేపరంటే ఇచ్చినవాడి మనసులో ఒకటి, పుచ్చుకున్నవాడి మనసులో ఇంకొకటి.

ముందు కాగితం సంగతి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అది బరువు, మందం కాదు. 90 జీఎస్ఎం ఆర్ట్ పేపరు 70 జీఎస్ఎం మాప్లితో (పుస్తకాల లోపలి పేజీలకు వాడే పూత లేని కాగితం) కంటే బరువే, అయినా వేళ్ల మధ్య పట్టుకుంటే పల్చగా తగులుతుంది. ఆర్ట్ పేపరంటే పూత పూసి, రోలర్ల కింద నొక్కి నునుపు చేసిన కాగితం మరి. నవలకూ కవిత్వానికీ 70 మాప్లితో, అట్టకు 250 నుంచి 300 ఆర్ట్ కార్డు (అదే రకంలో మందపాటిది), రంగుల కరపత్రానికి 90 నుంచి 130 ఆర్ట్ పేపరు మామూలు వాడుక. కొటేషన్‌లో 'మాప్లితో' అని మాత్రం రాసి పక్కన అంకె లేకపోతే, రేపు 60 వేసినా మీరు అడగలేరు.

అంకె రాయించుకున్నాక తూకం వేసి చూసుకోవచ్చు. డెమ్మీ 1/8 అనే సైజు పుస్తకం కటింగ్ అయ్యాక సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. 160 పేజీలంటే 80 ఆకులు. వాటిని విడదీసి నేల మీద పరిస్తే దాదాపు 2.4 చదరపు మీటర్లు. 70 జీఎస్ఎం అయితే లోపలి పేజీలు 169 గ్రాములు, 300 ఆర్ట్ కార్డు అట్ట మరో 18, 19 గ్రాములు, జిగురూ లామినేషనూ ఓ రెండు గ్రాములు. మొత్తం 190 దగ్గర ఆగాలి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా 165 చూపిస్తే లోపల ఉన్నది 60. మిల్లు కాగితమే నాలుగైదు శాతం అటూ ఇటూ వస్తుంది, వానాకాలం తేమ పీల్చి ఇంకాస్త బరువెక్కుతుంది. కాబట్టి ఐదారు గ్రాముల తేడాకు తగాదా వద్దు. ఒక్క పుస్తకం కాకుండా పది కలిపి తూయండి.

ఫారం అన్న మాట కూడా తెలిసి ఉండాలి. ఒక కాగితం మీద అచ్చు వేసి మడిస్తే వచ్చే పేజీల కట్ట అది. డెమ్మీ 1/8 లో ఫారానికి 16 పేజీలు. 23×36 అంగుళాల డబుల్ డెమ్మీ షీటులో రెండు ఫారాలు పడతాయి. 160 పేజీలంటే పది ఫారాలు, వెయ్యి కాపీలకు ఐదు వేల షీట్లు, అంటే పది రీములు. మిషన్ సెట్టింగులోనూ బైండింగులోనూ పాడయ్యే కాగితం దీనికి అదనం. రీము బరువు తేల్చడానికి పొడవు, వెడల్పు అంగుళాల్లో హెచ్చవేసి, దాన్ని జీఎస్ఎంతో హెచ్చవేసి, 3100తో భాగించాలి. 23×36×70 ని అలా భాగిస్తే 18.7 కిలోలు. కిలో ధర కనుక్కుంటే కాగితం ఖర్చు మీకే తెలిసిపోతుంది. (24 కాగితాలు దస్తా, 20 దస్తాలు రీము అన్న పాత లెక్కలో రీముకు 480 వచ్చేవి. ఇప్పుడు రీమంటే 500.) రాతప్రతి 164 పేజీలకు తేలితే ఆ చివరి నాలుగు పేజీల కోసం వేరే ప్లేటు (అచ్చు వేసే లోహపు రేకు), వేరే సెట్టింగు కావాలి. ముందుమాట ఒకటి తగ్గించుకుంటే పోతుంది. మన పుస్తకాలకు మూడేసి ముందుమాటలు ఎలాగూ ఎక్కువే.

రంగుల దగ్గరే ఎక్కువ నిష్ఠూరాలు. ఫోన్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుంది. దాన్నే ఆర్జీబీ అంటారు. కాగితానికి సొంత వెలుగు లేదు. మీద పడ్డ వెలుగులో కొంత ఇంకు మింగేస్తే మిగిలింది మన కంటికి చేరుతుంది. ఆ ఇంకులు నాలుగు: సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. ఇది సీఎంవైకే. తెర మీద వెలిగే చిలకపచ్చ, నిప్పులాంటి నారింజ ఈ నాలుగు ఇంకులకు అందవు. ఎంత ఖరీదైన మిషన్ మీద వేసినా అవి చల్లబడే వస్తాయి. తెర నీలాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను మార్చేస్తే సయాన్ పక్కన మెజెంటా బాగా చేరి, అట్ట వంకాయ రంగుకు తిరుగుతుంది. సయాన్ 100 ఉన్నచోట మెజెంటాను 60, 65 దాటనివ్వకపోతే నీలం నీలంగానే ఉంటుంది. శుభలేఖ మీద బంగారు రంగు కూడా ఈ నాలుగింటిలో పుట్టదు, ఆవపిండి రంగు వస్తుంది. మెరవాలంటే ఫాయిల్ (మెరిసే పల్చటి పొర) వేయించాలి, లేదా విడిగా గోల్డ్ ఇంకు.

ఒకే ఫైలును ఆర్ట్ పేపరుకూ న్యూస్‌ప్రింటుకూ (దినపత్రికల కాగితం) పంపడం ఇంకో పొరపాటు. రంగుల అచ్చంతా చుక్కల్లోనే ఉంటుంది. న్యూస్‌ప్రింటు ఇంకును పీల్చుకుంటుంది కాబట్టి సగం చోటు నింపే 50 శాతం చుక్క ఉబ్బి 75 శాతం దాకా కనిపిస్తుంది, మనుషుల మొహాలు నల్లబడతాయి. నాలుగు ఇంకుల శాతాలు కూడితే వచ్చే మొత్తం ఆర్ట్ పేపరు మీద 300 దాకా ఉండొచ్చు. న్యూస్‌ప్రింటు మీద 240 దగ్గర ఆపాలి. దాటితే ఇంకు ఆరక, పై షీటు వెనకవైపుకు అంటుకుంటుంది. దాన్ని సెట్‌ఆఫ్ అంటారు.

పదింతలు చూపించే భూతద్దం ఒకటి కొని మీ రంగుల అట్ట మీద పెట్టి చూడండి. నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా అమరి ఉంటాయి. సయాన్ 15, మెజెంటా 75, బ్లాక్ 45, ఎల్లో 0 డిగ్రీల కోణంలో తిప్పి వేస్తేనే ఆ పువ్వు పడుతుంది. సావనీర్‌కు పాత పత్రికలోంచి ఫోటో స్కాన్ చేసి ఇస్తే, అందులో అప్పటికే ఉన్న చుక్కల మీద ఈ చుక్కలు పడి గళ్లు గళ్లుగా వస్తుంది. దీన్ని మోయిరే అంటారు, ఇందులో ప్రెస్ తప్పేమీ లేదు. స్కానర్‌లో డీస్క్రీన్ (పాత చుక్కలను చెరిపే సెట్టింగు) పెట్టి స్కాన్ చేయాలి, లేదా అసలు ఫోటో వెతకాలి.

ఆ భూతద్దాన్నే ఇప్పుడు అట్ట వెనక ఉన్న చిన్న అక్షరాల మీదికి జరపండి. నలుపు నలుపుగా కాకుండా అంచుల్లో గులాబీ, నీలం నీడలు కనిపిస్తే అక్షరం నాలుగు ఇంకుల ప్లేట్లలోనూ పడిందన్నమాట. వర్డ్‌లో టైపు చేసిన నలుపు ఆర్జీబీ నలుపు. దాన్ని అలాగే మార్చేస్తే నాలుగు ఇంకుల్లోకీ చీలుతుంది. షీటు మిషన్‌లో ఒక మిల్లీమీటరులో పదో వంతు జరిగినా చాలు, తెలుగు సున్నలూ గుడులూ పూడిపోతాయి. అక్షరాలకు బ్లాక్ 100, మిగతా మూడూ 0 పెట్టి, ఓవర్‌ప్రింట్ ఆన్ చేయాలి. ఓవర్‌ప్రింట్ అంటే కింది రంగును అక్షరం ఆకారంలో ఖాళీ వదలకుండా నలుపు దాని మీదే పడటం. ఖాళీ వదిలితే దాన్ని నాక్‌అవుట్ అంటారు, కాస్త జరిగినా తెల్ల గీత బయటపడుతుంది. పెద్ద నల్లటి అట్టకు మాత్రం ఒట్టి బ్లాక్ 100 బూడిదగా తేలుతుంది. దాని కింద సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40 వేయిస్తే నిండుగా ఉంటుంది.

బ్లీడ్ అందరూ విన్న మాటే. అంచు దాకా రంగున్న పేజీలో ఆ రంగును కటింగ్ గీత దాటి 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించాలి. వందల కాగితాల కట్ట మీద కత్తి దిగేటప్పుడు పై కాగితానికీ కింది కాగితానికీ కొంచెం తేడా వస్తుంది. బ్లీడ్ లేకపోతే ఆ తేడా తెల్ల అంచై కనిపిస్తుంది. లోపలివైపు అక్షరాలు గీతకు 5 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ రభస తెలుగు ఫాంట్ల దగ్గర. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఇంకో పేజ్‌మేకర్ రాలేదు. అయినా పాత తెలుగు ఫాంట్లు దాంట్లో నడుస్తున్నాయని ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి, యూనికోడ్ అలా కాదు, అందులో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్నాయి. రచయిత ఫోన్‌లో టైపు చేసిన యూనికోడ్‌ను ప్రెస్‌లో పాత ఫాంటులోకి మారుస్తారు, ఆ మార్పిడిలో వత్తులు, పొల్లులు తారుమారవుతాయి. అంతకుముందు ఎంత బాగా దిద్దినా, మార్చాక ప్రూఫు మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాల్సిందే. పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్ వాడితే ఈ బాధ లేదు. కాకపోతే పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే 'విజ్ఞానం' కాస్తా 'విజ్‌ఞానం' అయిపోతుంది. దీనికి విరుద్ధంగా 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలబడాలంటే కంటికి కనిపించని జెడ్‌డబ్ల్యుఎన్‌జె గుర్తు పెట్టాలి. కాపీ, పేస్టుల్లో అది రాలిపోతే వకారం టకారం కిందికి వత్తుగా దిగుతుంది.

ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు మారతాయని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో వాటిని కర్వ్స్ (గీతల ఆకారాలు) చేసి పంపుతారు. మంచిదే. కానీ ఆ తర్వాత అన్నిటినీ ఎంచుకుని కంబైన్ నొక్కితే, అక్షరమూ దాని వత్తూ ఒకదాని మీద ఒకటి పడే చోట తెల్లటి చిల్లు పడుతుంది. 'క్క'లో పై అక్షరానికి వత్తు ఆనే చోట పెద్దది చేసి చూస్తే ఈ చిల్లు దొరుకుతుంది. ఫ్లెక్సీల మీద అడుగు ఎత్తు అక్షరాల్లో ఇది రోజూ కనిపించేదే. కంబైన్ బదులు వెల్డ్ నొక్కితే రెండూ ఒకే ఆకారంగా కలుస్తాయి.

లీడింగ్ అంటే పంక్తికీ పంక్తికీ మధ్య దూరం. ఆటోలో వదిలేస్తే అక్షరం సైజులో 120 శాతం తీసుకుంటుంది, అంటే 12 పాయింట్లకు 14.4. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై పంక్తిలో 'స్త్రీ' వత్తులు దిగి, కింది పంక్తిలో 'కీ' గుడిదీర్ఘం లేస్తే రెండూ గుద్దుకుంటాయి. ఫాంటును బట్టి 17, 18 పెట్టాలి. పేజీలు మిగులుతాయని 15కు నొక్కేసిన పుస్తకం చదవబుద్ధి కాదు.

ఫోటోలు అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లుండాలి. నాలుగు అంగుళాల బొమ్మకు 1,200. ఆ పిక్సెళ్లు తగ్గకుండా వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

బైండింగులో ఎవరూ అడగని మాట గ్రెయిన్. కాగితంలో నారలు మిల్లు మిషన్ నడిచిన దిక్కుగా పడుకుంటాయి. ఆ దిక్కు పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడితే పుస్తకం తెరిచి పెట్టినా మూసుకుపోతుంది, అట్ట మడతలో పగిలి తెల్లగా బయటపడుతుంది. కాగితాన్ని రెండు దిక్కులా చింపి చూడండి. తిన్నగా చిరిగిన దిక్కే గ్రెయిన్. దీనికి తోడు 300 కార్డును క్రీజింగ్ (మడత చోట ముందే గాడి నొక్కడం) చేయకుండా మడిస్తే విరిగే తీరుతుంది. మధ్య మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్ పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగింపబడాలి. 64 పేజీలంటే 16 షీట్లు ఒకదానిలో ఒకటి దూరతాయి కాబట్టి నడిమి షీటు ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొస్తుంది. కటింగులో ఆ మేరకు పోతుంది. పేజీ అంకె అంచుకు ఆనుకుని ఉంటే దానితో పాటే పోతుంది.

చివరగా ఒక కోరిక. స్కూళ్లూ, సంఘాలూ, కార్యాలయాలూ కొటేషన్లు పిలుస్తూ 'పుస్తకం, వెయ్యి కాపీలు, మంచి పేపరు, కలర్ అట్ట' అని రాస్తున్నాయి. నాలుగు ప్రెస్‌లు నాలుగు రకాల వస్తువులకు ధర రాసి పంపుతాయి, అందులో నాసిది గెలుస్తుంది. అదే ఆర్డరు ఇలా రాయొచ్చు: డెమ్మీ 1/8, 160 పేజీలు, 1,000 కాపీలు. లోపల 70 జీఎస్ఎం మాప్లితో, సింగిల్ కలర్. అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, ఒకవైపు నాలుగు రంగులు, మ్యాట్ లామినేషన్, క్రీజింగ్‌తో. ఫారాలు కుట్టి బైండింగ్. గ్రెయిన్ వెన్నుకు సమాంతరం. ఫైలు పీడీఎఫ్, 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో మేమే ఇస్తాం. అట్టకు కలర్ ప్రూఫు మా సంతకం అయ్యాకే ప్లేటు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
విజయవాడ