అగ్నిపర్వతాలకు టైమ్‌టేబుల్ ఉండదు

సంపాదకులకు నమస్కారం.

2025 నవంబరు 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద మేఘం ఎర్రసముద్రం దాటి మర్నాటి రాత్రికల్లా ఢిల్లీ దాకా వచ్చింది, కొన్ని విమానాలు రద్దయ్యాయి. ‘12 వేల ఏళ్ల తర్వాత నిద్ర లేచింది’ అని పేపర్లూ టీవీలూ హోరెత్తించాయి. మా ఏడో తరగతి పిల్లల ప్రశ్న ఒక్కటే: ‘సార్, మన దగ్గర కూడా లేస్తుందా?’

ఆ 12 వేల ఏళ్ల మాటలో నిజం కొంతే. ఆ 12 వేల ఏళ్లలో అది పేలినట్టు రాసిపెట్టిన రికార్డు లేదు, అంతే. మనుషులు పెద్దగా తిరగని అఫార్ ఎడారి మధ్యలో పేలినా రాసిపెట్టేదెవరు?

అసలు అగ్నిపర్వతం పేలడం వింతేమీ కాదు. ఏ రోజు చూసినా ప్రపంచంలో 40, 50 రగులుతూనే ఉంటాయి. ఇటలీలోని స్ట్రాంబోలి కొన్ని నిమిషాలకోసారి నిప్పులు చిమ్ముతుంది. ఫిలిప్పీన్స్‌లోని పినటూబో దాదాపు 500 ఏళ్లు ఊరుకుని 1991లో పేలింది. మన అండమాన్‌లోని బారెన్ ద్వీపం కూడా ఒకటిన్నర శతాబ్దానికి పైగా చప్పుడు చేయక, అదే ఏడాది మళ్లీ మొదలుపెట్టింది.

ఎందుకిలా? భూమి లోపలంతా కరిగిన రాయే అనుకుంటారు పిల్లలు (పెద్దలు కూడా). కాదు, కొన్నిచోట్లే కరుగుతుంది. అండమాన్ దగ్గర మన భూఫలకం (మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక) కిందికి దిగుతూ తనతో నీటిని తీసుకెళ్తుంది. నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఇథియోపియాలో నేల రెండుగా విడిపోతోంది, కింద ఒత్తిడి తగ్గి రాయి కరుగుతుంది. కరిగింది తేలిక కాబట్టి పైకి వస్తుంది. పైకొచ్చేకొద్దీ అందులోని వాయువులు గోలీసోడాలో గ్యాస్‌లా పొంగుతాయి. పల్చటి లావా అయితే పారిపోతుంది, చిక్కగా ఉంటే వాయువులు బిగుసుకుపోయి పేలుతుంది. కింద మళ్లీ నిండటానికి ఒకదానికి నెలలు పడితే మరోదానికి వేల ఏళ్లు.

ఇక మన సంగతి. రాజమండ్రికి గోదావరి ఆవల, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం కొట్టే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. పడమటి దక్కన్ నుంచి వందల కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. క్వారీ గోడను దగ్గరగా చూస్తే రెండు నల్లరాతి పొరల మధ్య తెల్లటి సున్నపురాయి, అందులో గవ్వలు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. ఒక లావా చల్లారి రెండోది వచ్చేలోపు ఇక్కడ అంత జీవం పుట్టి, పెరిగి, పేరుకుపోయింది. ఆ లావాకు మూలమైన వేడిచోటు (భూమి లోతుల నుంచి వేడి పైకి పొంగే చోటు) నుంచి మన భూభాగం ఎప్పుడో ఉత్తరానికి జరిగిపోయింది. ఆ వేడిచోటు ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉందని ఎక్కువమంది చెబుతారు, అక్కడి అగ్నిపర్వతం తరచూ పేలుతూనే ఉంది. కాబట్టి మన పిల్లలకు టెన్షన్ అక్కర్లేదు. ఈ మాట పేపర్లో ఒక్కరూ రాయలేదే!

భయపెట్టే హెడ్డింగు వేసిన రోజునే పిల్లల పేజీలో అరకాలమ్ వివరణ కూడా వేయండి. గనుల శాఖ కూడా పని ముగిసిన ఒక క్వారీలో ఆ గవ్వల పొర ఉన్న గోడను కొట్టకుండా వదిలేసి, రెయిలింగ్ కట్టి, తెలుగులో బోర్డు పెట్టాలి. ఇప్పుడైతే పాత గుంతల్లో నీళ్లు నిలిచి, పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్లే ధైర్యం ఏ టీచరుకీ లేదు.

– ఒక సైన్స్ ఉపాధ్యాయుడు, తూర్పు గోదావరి జిల్లా