గుండుగాడూ, నా తాళాలగుత్తీ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, కానీ త్వరగా కానిచ్చెయ్, చెప్పాల్సింది చాలా ఉంది. మేమంతా బాగున్నాం. నా మోకాలి నొప్పి తగ్గింది. పిల్లదాని పరీక్షలైపోయాయి. వార్తలు సమాప్తం.

అసలు సంగతేంటంటే, మేం పామరేనియన్ కుక్కని తెచ్చుకున్నాం. ఒళ్లంతా బొచ్చే, పేరు మాత్రం గుండు. ఎవరి జ్ఞాపకార్థమో నీకు వేరే చెప్పాలా! తూగేది రెండున్నర కిలోలే. వీడి పూర్వీకులు మంచులో బండ్లు లాగిన స్పిట్జ్ కుక్కలట. 1888లో విక్టోరియా రాణి ఇటలీలో మార్కో అనే చిన్న పామరేనియన్‌ని చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది, అక్కణ్ణుంచి చిన్నసైజు వాటికి గిరాకీ పెరిగింది. ఒళ్లయితే తగ్గింది గానీ గొంతు తగ్గలేదురా.

నేను గడప దాటితే చాలు, ఊళ. మొరుగుడు కాదు, ఊళ! పక్కింటి పెద్దాయన ఓ రోజు ఎంతో మర్యాదగా, "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. తలెత్తుకోలేకపోయాను. ఇంటికి రాగానే వాణ్ణి తిట్టేవాణ్ణి. అది విని కుక్కల డాక్టరు నన్ను తిట్టారు. గంట కిందటి ఏడుపుకి ఇప్పుడు తిడితే వాడికేం అర్థమవుతుంది? మీరు రావడమంటేనే భయం పట్టుకుంటుంది అన్నారు. నిజమే కదా. ఆ రాత్రి వాడి మొహం చూడలేకపోయాను... సర్లే.

తర్వాత వీడియో తీసి చూస్తే తెలిసింది. ఏడుపు నేను వెళ్లాక మొదలవడం లేదు, తాళాలగుత్తి చప్పుడుకే మొదలవుతోంది. గుత్తి గలగలమనగానే ఆవులింతలు, మూతి నాక్కోవడం, ఎగరొప్పడం. అన్నీ టెన్షన్ గుర్తులేనట. (తాళాలనగానే హాస్టల్ కిటికీ గుర్తొచ్చి నవ్వుతున్నావు. ఆపు.)

ఇక నా వైద్యం చూడాలి! రోజుకి ముప్పైసార్లు తాళాలు తీసి, గలగలలాడించి, మళ్లీ కుర్చీలో కూర్చోవడం. బూట్లు వేసుకుని టీవీ చూడటం. మా ఆవిడ నన్ను డాక్టరుకి చూపిద్దామంది, కుక్కల డాక్టరుకి కాదు. గుత్తి చప్పుడుకి వాడు చెవి కూడా కదపడం మానేశాక తలుపు బయట పది సెకన్లు. తర్వాత ఇరవై. తర్వాత నిమిషం. ఏడుపు మొదలయ్యేలోపే తిరిగి రావాలి, కిటుకంతా అక్కడే. ఓ రోజు తొందరపడి నిమిషం నుంచి ఏకంగా పది నిమిషాలకి దూకాను. మళ్లీ మొదటికొచ్చింది, మన లెక్కల పరీక్షలాగే.

మొన్న ఆదివారం అరగంట! ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ ఫోన్ ఇంట్లో పెట్టి వీడియో కాల్ కలిపి, నేను మెట్ల మీద కూర్చున్నాను. గుండుగాడు ఓసారి తలుపు చూశాడు, చుట్ట చుట్టుకుని పడుకున్నాడు, అంతే. గుర్రు కూడా పెట్టాడు. నాకేమో చెమటలు. అప్పుడే పెద్దాయన పైకొస్తూ, కళ్లనీళ్లతో మెట్ల మీదున్న నన్ను చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయి బయటికి పంపేసిందా బాబూ?" అన్నారు. అవుననేశానురా! కుక్క నిద్రపోతున్నందుకు ఏడుస్తున్నానని ఏ మొహంతో చెప్పను? ఇప్పుడాయన మా ఆవిణ్ణి చూసే చూపు...

అయ్యో, కాలింగ్ బెల్ మోగింది. దానికి వీడు చేసే రభస వేరే కథ. వినపడుతోందా అక్కడికి? ఉంటాను, తలుపు తీయాలి, వీణ్ణి