పన్ను ఊడితే ముందు పాలు వెతుకు

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. బుజ్జిగాడు స్కేటింగ్‌లో చేరాడని అమ్మ చెప్పింది. తలకీ మోకాళ్లకీ అన్నీ కొన్నారట, సంతోషం. మరి పళ్లకి? వాడి ముందు పళ్లు మొన్ననే వచ్చినవి, వేళ్లు ఇంకా గట్టిపడలేదు. బోర్లాపడితే ముందు ఊడేవి అవే.

నేను డ్రిల్లు మాస్టారుగా ఉన్నప్పుడు ఓ ఏడో తరగతి కుర్రాడికి కబడ్డీలో పన్ను ఊడి మట్టిలో పడింది. తోటి పిల్లలు దాన్ని కుళాయి కింద పట్టి గోటితో గీకబోతుంటే గట్టిగా కేకేశాను. వేరు మీద కంటికి ఆనని సన్నటి పొర ఉంటుంది. పన్ను మళ్లీ అతుక్కోవాలంటే అది బతికుండాలి. గీకితే పోతుంది, ఎండితే చస్తుంది, మంచినీళ్లలో నానినా పాడవుతుంది. ఎదురు టీకొట్టు నుంచి పచ్చిపాలు తెప్పించి, గ్లాసులో పన్ను వేసుకుని, వాణ్ణి స్కూటరెక్కించుకుని పోయాను. డాక్టరు పన్ను దాని చోట్లో పెట్టి, రెండు వారాలు పక్క పళ్లకి తీగతో కట్టి ఉంచాడు. నిలిచింది.

నువ్వు చెయ్యాల్సిందీ అదే. పన్నుని తెల్లటి పైభాగం దగ్గరే పట్టుకో, వేరు ముట్టుకోకు. మట్టి ఉంటే పాలతోనో, నీళ్లతో ఓ పది సెకన్లో కడుగు చాలు. ధైర్యం ఉంటే పన్ను ముందు వైపు ముందుకే ఉండేలా ఊడిన చోటే గుచ్చి, శుభ్రమైన రుమాలు కొరికి పట్టుకోమను. లేకపోతే చల్లటి పాలలో వేసుకుని పరుగెత్తు. పంచదార కలిపినవి వద్దు. అరగంటలో చేరితే మేలు, గంట దాటితే ఆశ తగ్గుతుంది. తలకి దెబ్బ తగిలి వాంతులవుతుంటే మాత్రం పన్ను సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రికే. ఊడింది పాలపన్నైతే వెనక్కి పెట్టకూడదు, కింద మొలిచే పన్ను దెబ్బతింటుంది. డాక్టరుకి ఓసారి చూపించి, మిద్దె మీదకి విసరమను, వాడి సరదా!

అల్లుడుగారి జ్ఞానదంతం మళ్లీ సలుపుతోందట. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించమను, పారాసిటమాల్ వేసుకోమను. లవంగ నూనె దూదితో పన్ను మీద అద్దొచ్చు. నొప్పి మాత్ర చిగురు మీద పెట్టుకుంటే మాత్రం కాలి పుండవుతుంది. మీ పెద్దత్త చెప్పే ఇటుక కాపడం, పొగాకు ముద్ద వద్దే వద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగితే నొప్పి సర్దుకున్నట్టు ఉంటుంది, లోపలి చీము అలాగే ఉంటుంది. దవడ కింద వాపొచ్చి, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా 108కి ఫోన్ చెయ్యి.

ఆదివారం కూడా తెరిచి ఉండే పళ్ల డాక్టరెవరో ఇప్పుడే కనుక్కుని నంబరు రాసి పెట్టుకో. బుజ్జిగాడికి పళ్ల గార్డు కొను, డబ్బులు నేను పంపిస్తాను.

నాన్న