ఓపెన్ టాప్ కారు కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో సెకండ్ హ్యాండ్ కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. చిన్న కార్లు, పెద్ద కార్లు, డీజిల్ బళ్లు అన్నిటికీ పేరాలకు పేరాలు ఇచ్చి, కన్వర్టిబుల్, అంటే పైకప్పు తీసి నడిపే ఓపెన్ టాప్ కారు దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంలో తేల్చేశారు. డిక్కీ ఉండదు, గోల ఎక్కువ, కారుతుంది, కాబట్టి ఆ జోలికి పోవద్దని. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ ఏ పనికి కొంటున్నారో అడగకుండా ఇచ్చిన తీర్పు అది. గోల, డిక్కీ చాలకపోవడం, నడుం నొప్పి, ఇవన్నీ దూర ప్రయాణాల కష్టాలు. ఇంట్లో ఇంకో బండి ఉండి, దగ్గర్లో ఏదో పని చూసుకుని రావడానికి, సాయంత్రం చల్లబడ్డాక ఒక చుట్టు కొట్టడానికి చవగ్గా పాత ఓపెన్ టాప్ కారు కొనుక్కునేవాళ్లకు ఆ కష్టాలు ఎదురే కావు.

అసలు ఈ కార్ల మజా అంతా నలభై కిలోమీటర్ల వేగంలోనే ఉంది. టాప్ తీసి, పక్క అద్దాలు ఎత్తుకుని నెమ్మదిగా పోతుంటే పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, చెట్ల వాసన తెలుస్తుంది, ముందు వెళ్లే బండి పొగ కూడా తెలుస్తుంది అనుకోండి. వేగం తొంభై దాటితే అరుచుకోవడమే. అలాంటప్పుడు పెద్ద ఇంజిను, వందల హార్స్‌పవర్ ఎందుకు చెప్పండి. జపాన్‌లో 1991లో వచ్చిన హోండా బీట్ ఇంజిను 656 సీసీ, అదే ఏడాది వచ్చిన సుజుకి కాపుచ్చినో 657 సీసీ. రెండూ రెండు సీట్ల బుల్లి కార్లే. కాపుచ్చినో పైకప్పు మూడు పలకలుగా ఊడొస్తుంది, వాటిని డిక్కీలో సర్దుకోవాలి, సర్దాక డిక్కీలో ఇంకేమీ పట్టదు. ఇలాంటి వింత ఉన్న కారును రోజూ నడిపేవాళ్లు విసుక్కుంటారు గానీ అప్పుడప్పుడు తీసేవాళ్లు ముచ్చటపడతారు.

వింత అన్నాను కాబట్టి ఒక సంగతి విడిగా చెప్పాలి. వింతల్లో రెండు రకాలున్నాయి. పైకి వింతగా ఉండి లోపల మామూలు కారు అయినవి ఒక రకం, లోపల కూడా వింతే అయినవి ఇంకో రకం. నిస్సాన్ ఫిగారో మొదటి రకానికి మంచి ఉదాహరణ. 1991లో ఎనిమిది వేలే చేద్దామనుకుని, అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి ఇరవై వేలకు పెంచి, కొనేవాళ్లను లాటరీ తీసి ఎంపిక చేశారు. చూస్తే యాభైల నాటి కారు అనిపిస్తుంది. లోపల మాత్రం అప్పటి నిస్సాన్ మైక్రానే, 987 సీసీ టర్బో ఇంజిను, మూడు గేర్ల ఆటోమేటిక్. పైకప్పులో గుడ్డ భాగం ఒక్కటే వెనక్కి మడుచుకుంటుంది, పక్క దూలాలు అలాగే ఉంటాయి. ఇంజిను పని తెలిసిన మెకానిక్ ఎవరికైనా దాన్ని విప్పడానికి భయం ఉండదు. నికెల్ పట్టీలు, స్విచ్చులు, లైటు రింగుల్లాంటి సోకులు పోతే మాత్రం వెతుక్కోవాల్సిందే.

రెండో రకానికి సిట్రోయెన్ సీ3 ప్లూరియెల్‌ను మించింది నాకు కనపడలేదు. 2003లో వచ్చింది. గుడ్డ పైకప్పు వెనక్కి పోవడం వరకు బాగానే ఉంటుంది, పూర్తి ఓపెన్ కారు కావాలంటే మాత్రం రెండు వైపులా ఉన్న పొడవాటి కమానులను చేత్తో ఊడదీయాలి. ఊడదీశాక వాటిని పెట్టుకోవడానికి కారులో చోటే లేదు! ఇంట్లో వదిలి వెళ్లాలి. మధ్యలో వాన పడితే, అంతే సంగతులు. ఇంత తెలివైన ఇంజినీర్లు కూర్చుని దీనికి ఎలా ఒప్పుకున్నారో అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అయినా, ఆ కమానుల జోలికి పోకుండా గుడ్డ టాప్ మాత్రం తీసి తిరుగుతామంటే చిన్న ప్రయాణాలకు అదీ పనికొస్తుంది. ఇదే పద్ధతిలో పైన గుడ్డ ఒక్కటే చుట్టుకుపోయే కార్లు ముందునుంచీ ఉన్నాయి, 1948లో బయటికొచ్చిన సిట్రోయెన్ 2సీవీ, 1957 నాటి ఫియట్ 500, మళ్లీ 2009లో వచ్చిన ఫియట్ 500సీ. పక్క దూలాలు ఉంటాయి కాబట్టి బాడీ గట్టిగా ఉంటుంది, మడిచేది తక్కువ కాబట్టి చెడేదీ తక్కువే. మొదటిసారి కొనేవాళ్లకు నేనైతే ఇలాంటివే చెబుతాను.

ఇక ఇనుప పైకప్పు తనంతట తాను మడుచుకుని డిక్కీలోకి వెళ్లే రకం. 2000 తర్వాత ప్యూజో 206 సీసీ (ఇక్కడ సీసీ అన్నది మోడల్ పేరులోదే, ఇంజిను సైజు కాదు), ఆ వెనక నిస్సాన్ మైక్రా సీ ప్లస్ సీ, ఇలా చిన్న కార్లలోకి కూడా ఈ ఏర్పాటు వచ్చింది. బటన్ నొక్కితే చూసేవాళ్లు నోరు తెరుస్తారు, నిజమే. కానీ దాని వెనక పంపు, ఆయిల్ గొట్టాలు, ప్రతి కీలు దగ్గరా ఒక చిన్న స్విచ్చు ఉంటాయి, వాటిలో ఏ ఒక్కటి మొండికేసినా పైకప్పు సగంలో ఆగిపోతుంది. కారు చవకే కావచ్చు, ఆ పంపు మాత్రం చవక కాదు. చవగ్గా కొని చవగ్గా తిరగాలనుకునేవాళ్లకు చేత్తో తీసే గుడ్డ టాపే ఉత్తమం. మాజ్డా ఎమ్ఎక్స్-5 పాత మోడళ్లలో క్లిప్పులు రెండు విప్పి సీట్లో కూర్చునే ఒక చేత్తో టాప్‌ను వెనక్కి తోసేయొచ్చు. 1989లో మొదలైన ఆ కారు 2016లో పది లక్షల మార్కు అందుకుంది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంత అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. దాని విజయంలో ఈ సులువుకు కూడా వాటా ఉందని నా నమ్మకం.

మీ వ్యాసంలో నాకు అసలు నచ్చనిది ఇంకొకటుంది. కిలోమీటర్లు ఎన్ని తిరిగిందో చూడమని అందరికీ చెప్పినట్టే ఈ కార్లకూ చెప్పారు. కన్వర్టిబుల్ తిరిగి తిరిగి పాడైపోయేది తక్కువ, నీళ్లు నిలిచి పాడైపోయేదే ఎక్కువ. తక్కువ తిరిగి, ఏళ్ల తరబడి చెట్టు కింద నిలబెట్టిన కారు కంటే, బాగా తిరిగి షెడ్డులో ఉన్న కారే మేలు. పైకప్పు మీద పడిన నీళ్లు వెనక మూలల్లో చిన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. వాటిలో ఆకులు, మట్టి చేరితే నీళ్లు దారి మళ్లి లోపలికొచ్చి, తలుపుల కింద గడప భాగం ఉంటుంది చూశారూ, ఆ బోలు ఇనుములోకి దిగి నిలుస్తాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు తినేస్తూ ఉంటుంది. ఎమ్ఎక్స్-5 పాతవాటిలో వెనక చక్రాల ముందు భాగం పోవడం వెనక ఉన్న కథ చాలావరకు ఇదే. మామూలు కారులో ఆ గడపలు పోతే ఒక తలనొప్పి, ఇందులో అయితే పైకప్పు లేదు కాబట్టి బరువంతా మోసేది ఆ గడపలే.

అందుకని చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ తర్వాత ఎత్తొచ్చు, ముందు కార్పెట్ ఎత్తండి. సీటు వెనక, సీటు కింద చెయ్యి పెట్టి నొక్కండి. తడి తగిలితే అమ్మేవాళ్లు "అది ఏసీ నీళ్లు సార్" అంటారు. ఏసీ నీళ్లయితే ముందు వైపు, కాళ్ల దగ్గర ఉండాలి. సీటు వెనక చెమ్మ ఉంటే అది ఏసీది కాదు. ముక్కు కూడా వాడండి, బూజు వాసన ఏ స్ప్రేకీ పూర్తిగా లొంగదు, మరీ ఘాటుగా సెంటు కొట్టి ఉంటే అదీ ఒక సమాచారమే. ఒప్పుకుంటే టాప్ మీద పైపుతో నీళ్లు పట్టించండి. జాకీ వేసి ఒక వైపు లేపి తలుపు ఒకసారి తెరిచి మూయండి, గట్టిగా ఉన్న బాడీ అయితే తలుపు మామూలుగానే పడుతుంది, గడపలు పోయిన బాడీ ఒంగి తలుపు పట్టేస్తుంది. గతుకుల మీద నడిపినప్పుడు లోపలి అద్దం కొంచెం వణకడం ఈ కార్లలో సహజం, తలుపులు కటకటలాడుతూ డాష్‌బోర్డ్ అంతా ఊగుతుంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

టాప్‌ను కనీసం రెండుసార్లు తీయించి వేయించండి, మొహమాటపడొద్దు. వెనక ప్లాస్టిక్ అద్దం పసుపుబారిందా, మడత దగ్గర పగుళ్లున్నాయా చూడండి. ఎమ్ఎక్స్-5లో 1998 మోడల్ నుంచి అసలైన గాజు పెట్టారు, అంతకుముందువాటిలో ప్లాస్టిక్కే, చలిలో బిగుసుకున్నప్పుడు మడిస్తే చిట్లుతుంది. గుడ్డ చిరిగితే కొత్తది కుట్టించుకోవచ్చు, వేయించుకోవచ్చు. టాప్, తలుపుల చుట్టూ ఉండే రబ్బర్లు ఎండి పగిలితే అరుదైన మోడళ్లకు దొరకడమే కష్టం. టైర్ల మీద అరుగుదల చూసి ఊరుకోకండి, పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. అరగకుండానే ముసలివైపోయిన టైర్లు ఈ కార్లకు మామూలే.

సరే, కొన్నారు. ఇప్పుడు చిన్న ప్రయాణాల జబ్బు ఒకటుంది, దాని గురించి మీరు రాయనే లేదు. పది నిమిషాల్లో ఆపేసే ఇంజిను పూర్తిగా వేడెక్కదు. మీటరు ముల్లు మధ్యకొచ్చిందని సంబరపడతాం గానీ అది నీళ్ల వేడి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది. లోపల చేరిన చెమ్మ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత తీస్తే అడుగున తెల్లటి జిగురు కనపడేది అందుకే. అది చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని కంగారు పడక్కర్లేదు, రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయా, వేడెక్కాక కూడా తెల్లపొగ వదులుతోందా చూస్తే తేడా తెలుస్తుంది. సైలెన్సర్ కూడా లోపల నీరు ఆరక చిల్లులు పడుతుంది. కాబట్టి ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసి కాదు, ఎన్ని తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే. టైమింగ్ బెల్ట్ (ఇంజిను లోపలి భాగాలను ఒక లయలో తిప్పే రబ్బరు పట్టీ) ఉన్న ఇంజినుకు కూడా వయసు లెక్కే. బ్యాటరీకి ఇంట్లో పెట్టుకునే చిన్న ఛార్జర్ ఒకటి తగిలిస్తే పొద్దున సెల్ఫ్ తీసుకోని టెన్షన్ ఉండదు. మధ్యమధ్యలో ఒకసారి అరగంటైనా ఆపకుండా నడపాలి. ఇంకొకటి, డీజిల్ కన్వర్టిబుల్ చవగ్గా దొరికిందని తీసుకోకండి. కొత్తకాలం డీజిల్ బళ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే ఆగకుండా కొంతసేపు వేడిగా పరుగెత్తాలి, సందులు తిరిగే బండిలో అది మూసుకుపోతుంది.

భద్రత మాటకొస్తే మీతో వాదించను. 1991 నాటి చిన్న కారుకు ఇప్పటి కార్లలో ఉన్న రక్షణ లేదు, పల్టీ కొడితే తలకు అడ్డం కూడా చాలావాటిలో ఉండదు. హైవే మీద లారీల మధ్యకు దాన్ని తీసుకెళ్లే పని పెట్టుకోకూడదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఉన్న ఒక్క కారు ఇదే అయితే, అప్పుడు మీ వాక్యమే కరెక్టు. దొంగల భయం గురించి కొందరు అడుగుతుంటారు. గుడ్డ టాప్‌ను బ్లేడుతో కోయడం సులువే, అందుకే లోపల ఏమీ వదలకుండా ఉండటమే చాలామంది పాటించే పద్ధతి. కొందరైతే తలుపులకు తాళం కూడా వేయరు, టాప్ కోసి తీసేకంటే తలుపు తీసి చూసుకుని పోనీ అని. ఇన్సూరెన్స్ వాళ్లకు ఈ లెక్క నచ్చకపోవచ్చు, ముందే కనుక్కోండి.

వాడుకలో ఒక్క నియమం. తడిసిన టాప్‌ను మడిచి పెట్టకూడదు, బూజు పట్టి మరకలు పడతాయి. పూర్తిగా ఆరాకే తీయాలి. ఆ నీళ్లు పోయే రంధ్రాల్లో వానల ముందు మెత్తటి ప్లాస్టిక్ తీగ ఒకటి పోనిచ్చి మట్టి తీసేయాలి, ఇనుప చువ్వతో పొడిస్తే కింద గొట్టం ఊడిపోతుంది. మీ పేజీలో ఈసారి ఏ పాత ఓపెన్ కారు గురించి రాసినా సున్నా నుంచి వంద ఎన్ని సెకన్లో రాసే చోట ఆ రంధ్రాలు ఎక్కడున్నాయో బొమ్మ వేసి చూపిస్తే కొనేవాళ్లకు ఎక్కువ ఉపకారం.

కొనడానికి అదను కూడా చెప్పి ముగిస్తాను. ఎండ తేలిగ్గా ఉండి గాలి హాయిగా వీచే రోజుల్లో అందరికీ ఈ కార్ల మీద మనసు పోతుంది, అమ్మేవాళ్లు బిగుసుకుంటారు. వానలు, చలి మొదలయ్యాక అదే కారుకు బేరం కుదురుతుంది, పైగా కారేది దాచడం అప్పుడు కష్టం. పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి. మీరు వస్తున్నారని లోపలంతా కడిగించి ఆరబెట్టామని చెబితే, కార్పెట్లు తడిసేంతగా ఎందుకు కడగాల్సి వచ్చిందో అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు