చుక్కమేక ఈనేలోపు
కబ్ద్, కువైట్

అమ్మా,

నేను బాగున్నాను. పక్కూరి అన్న రాయచోటికి వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. చెల్లి చేత రెండుసార్లు చదివించుకో.

చుక్కమేకకు నెలలు నిండబోతున్నాయి అన్నావు కదా. దాని తల్లి నల్లమేక పొదుగు పాడైంది దిష్టి తగిలి కాదమ్మా. అది పొదుగువాపు అనే జబ్బు.

తొలిచూలు మేకకు ఈనేటప్పుడు పొదుగులో నీరు చేరి ఉబ్బొచ్చు. రెండు పక్కలా సమానంగా ఉండి, నొక్కితే గుంట పడి, పాలు బాగుంటే టెన్షన్ పడొద్దు. గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టి, పాలు తరచూ తీస్తుంటే కొన్నాళ్లకు దిగిపోతుంది. జున్నుపాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి, అవి చూసి బెదరొద్దు.

ఒక పక్కే గట్టిపడి, కాలుతూ, పిల్లను దగ్గరికి రానీకుండా తన్నేస్తుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడు. పెరుగు తునకలు గానీ, నీళ్లలాంటి పాలు గానీ, నెత్తురు చార గానీ కనబడితే 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తుంది. ఆవుకు వాడగా మిగిలిన మందు ట్యూబు నువ్వే చన్నులోకి ఎక్కించొద్దు.

పోయిన చలికాలం ఇక్కడ ఒక షామీ జాతి మేకకు ఇట్లే అయింది. పొద్దున పొదుగు కాలిపోతోంది. కఫీలు, అంటే మా యజమాని, రేపు చూద్దామన్నాడు. సాయంత్రానికి చల్లబడింది. తగ్గిందని సంబరపడ్డాను, చూడు నా తెలివి! చల్లబడి నీలంగా మారిందంటే కండ చచ్చిపోతున్నట్టని మర్నాడు సూడాన్ డాక్టరు చెప్పాడు. మేక బతికింది గానీ ఆ పక్క పొదుగు కుళ్లి ఊడిపోయింది. నల్లమేక సంగతి నువ్వు చెప్పినప్పుడు నాకు ఇదే కళ్లముందు ఆడింది.

కలబంద, పసుపు, సున్నం నూరి పూస్తావు కదా, పూయి. దాన్నే నమ్ముకుని డాక్టర్ని పిలవడం మానొద్దు. బాగున్న చన్ను ముందు పిండి, చెడ్డది తర్వాత పిండు. ఆ పాలు దొడ్లో పారబోయకుండా దూరంగా గుంటలో పూడ్చు. మేకపిల్లలకు తాపొద్దు, చాలకపోతే ఇంకో మేక పాలు సీసాతో పట్టు. మందు వేశాక డాక్టరు సరే అనేదాకా నాయన టీలోకి కూడా ఆ పాలు వద్దు.

అన్న చేతికి మూడు వేలు ఇచ్చాను, అవి మేక ఖర్చుకే. ఈనగానే చెల్లితో వాట్సాప్‌లో ఫొటో పెట్టించు. పొదుగు కనబడాలి, పక్కన నువ్వు కూడా ఉండాలి.

నీ పెద్దోడు